చక్రాల ఇంట్లో చలిరోజు

"చలి లోపలికి వస్తోంది, ఆ తలుపు దగ్గరికి వెయ్యి!" ధనుర్మాసంలో ఈ మాట వినపడని ఇల్లు ఉండదు. మీరూ ఎన్నోసార్లు లేచి తలుపు వేసే ఉంటారు. కానీ ఈ వాక్యాన్ని మీ సైన్సు మాస్టారు చూస్తే ఎర్రసిరాతో సున్నా చుడతారు. ఎందుకంటే చలి అనే పదార్థం గానీ, చలి అనే శక్తి గానీ ప్రకృతిలో లేదు. ఉన్నది వేడి ఒక్కటే. అది ఎప్పుడూ ఉష్ణోగ్రత ఎక్కువగా ఉన్న చోటి నుంచి తక్కువగా ఉన్న చోటికి ప్రవహిస్తుంది. మన ఒంట్లోని వేడి బయటికి పోతూ ఉంటే, ఆ పోవడాన్నే మనం చలి అంటున్నాం.

"వచ్చేది చలి అయితేనేం, పోయేది వేడి అయితేనేం? రెండూ ఒకటేగా!" అంటారేమో. ఒకటి కాదు. చలి వస్తోందనుకున్నవాడు కిటికీలన్నీ బిగించి, లోపల నిప్పు రాజేస్తాడు. వేడి పోతోందని తెలిసినవాడు ఆ వేడి ఏ దారిన పోతున్నదో వెతికి, ఆ దారిని మూస్తాడు. మొదటివాడు ఒక్కొక్కసారి ప్రాణాలే పోగొట్టుకుంటాడు. ఎలాగో చివరికి మీకే తెలుస్తుంది.

ఈ సంగతి అర్థం చేసుకోవడానికి ఒక ప్రయాణాన్ని ఊహిద్దాం. ఉద్యోగం నుంచి రిటైరైన ఒక తాత, ఆయన భార్య అయిన అవ్వ మన ప్రయాణికులు. జీపు వెనుక తగిలించిన ట్రైలరు వాళ్ళ ఇల్లు. రెండు పడకలు, ఒక చిన్న స్టవ్, నీళ్ళ డ్రమ్ము, రేకు గోడలు, రేకు కప్పు. అమెరికా, యూరప్ ఖండాలలో పదవీ విరమణ చేసిన దంపతులు చాలామంది ఇలాంటి చక్రాల ఇళ్ళలో నెలల తరబడి తిరుగుతారు. అమెరికాలో ఉత్తరాది వాళ్ళు చలికాలం రాగానే ట్రైలరు కట్టుకుని, వెచ్చగా ఉండే దక్షిణాదికి పోతారు. మన తాత, అవ్వ మాత్రం చలికాలంలోనే చలి ఉన్న చోటికి బయలుదేరారు. తిరుపతిలో మొదలుపెట్టి, చిత్తూరు, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె మీదుగా హార్సిలీ హిల్స్ చేరాలని వాళ్ళ కోరిక. ఈ ఊళ్ళన్నీ 1911లో ఏర్పడిన పాత చిత్తూరు జిల్లాలో 2022 దాకా కలిసి ఉన్నవే. జనవరి నెల అనుకుందాం. పదండి, మనమూ వెంట పోదాం.

కప్పు కారుతోందా?

తెల్లవారుజాము ఐదు గంటలు. ట్రైలరు ఇంకా తిరుపతిలోనే ఉంది. అవ్వ నుదుటి మీద టప్పున ఒక నీటిచుక్క పడింది. "ఏమండీ, వాన కురుస్తోందా? కప్పు కారుతోంది!" అంది. తాత లేచి బయటికి చూశాడు. ఆకాశంలో చుక్కలు మెరుస్తున్నాయి. వాన లేదు. మరి నీళ్ళు ఎక్కడివి?

ఆ నీళ్ళు వాళ్ళిద్దరివే! మనం వదిలే ప్రతి శ్వాసలోనూ నీటి ఆవిరి ఉంటుంది. చెమట పట్టకపోయినా చర్మం నుంచి కూడా కొంత ఆవిరి పోతూనే ఉంటుంది. ఇద్దరు మనుషులు ఎనిమిది గంటలు నిద్రపోతే ఈ రెండు దారుల్లో దాదాపు అర లీటరు నీరు గదిలోని గాలిలో కలుస్తుంది. ఆ గాలి చల్లని రేకు కప్పుకు తగలగానే ఆవిరి మళ్ళీ నీరై, బొట్లుగా పేరుకుంటుంది. చల్లని మజ్జిగ పోసిన స్టీలు గ్లాసు బయట చెమ్మ పట్టడం మీరు చూసే ఉంటారు. ఇదీ అంతే. సాంద్రీకరణం అని మీ పాఠంలో చదివింది దీన్నే.

మరి రేకు కప్పు అంత చల్లగా ఎందుకు ఉంది? దాన్ని తెలుసుకోవాలంటే మీ సైకిలు దగ్గరికి వెళ్ళండి. రాత్రి ఆరుబయట నిలిపిన సైకిలు సీటు పొద్దునకు మంచుతో తడిసి ఉంటుంది. వేపచెట్టు కింద నిలిపిన సైకిలు సీటు పొడిగా ఉంటుంది. ప్రతి వస్తువూ తన వేడిని కంటికి కనపడని కిరణాల రూపంలో వదులుతూ ఉంటుంది. దీనిని ఉష్ణవికిరణం అంటారు. మబ్బు లేని రాత్రి ఆరుబయట ఉన్న వస్తువు వదిలే కిరణాలు చాలావరకు నేరుగా ఆకాశంలోకి పోతాయి. తిరిగి వచ్చేది తక్కువ. అందుకే అది చుట్టూ ఉన్న గాలికంటే కూడా చల్లబడుతుంది. పైన చెట్టు ఉంటే, ఆ చెట్టు కూడా కిందికి కిరణాలు పంపుతుంది కాబట్టి నష్టం తగ్గుతుంది. మబ్బు కూడా అలాంటి దుప్పటే. చుక్కలు బాగా మెరిసే రాత్రే ఎక్కువ చలి వేయడానికి కారణం ఇదే.

రేకు ఇల్లు, గూడుబండి

అవ్వ స్టవ్ మీద పాలు పెట్టబోయి స్టీలు గిన్నెను ముట్టుకుని "అబ్బా, మంచుగడ్డ!" అంది. పక్కనే ఉన్న చెక్కపీట మాత్రం ఆమెకు అంత చల్లగా అనిపించలేదు. నిజానికి రాత్రంతా ఒకే గదిలో ఉన్న గిన్నె, పీటల ఉష్ణోగ్రత ఒకటే. థర్మామీటరు పెట్టి చూస్తే తేడా కనపడదు. స్టీలు మంచి ఉష్ణవాహకం కనుక చేతిలోని వేడిని గబగబా లాగేస్తుంది. చెక్క అధమ వాహకం కనుక నెమ్మదిగా లాగుతుంది. మన చర్మం ఉష్ణోగ్రతను కొలిచే పరికరం కాదు. వేడి ఎంత వేగంగా పోతున్నదో చెప్పే పరికరం మాత్రమే.

గాలితో పోలిస్తే ఇనుము సుమారు 3,000 రెట్లు, అల్యూమినియం సుమారు 9,000 రెట్లు బాగా వేడిని ప్రవహింపజేస్తాయి. కాబట్టి లోపల మరే పొరా లేని ఒంటిరేకు గోడ ఎంత మందంగా ఉన్నా వేడిని ఆపలేదు. పైగా మన శరీరం వదిలే కిరణాలు చల్లని గోడకు చేరతాయి. తిరిగి అది పంపేవి తక్కువ. అందుకే గదిలో గాలి ఉష్ణోగ్రత 20 డిగ్రీలు చూపిస్తున్నా, రేకు గోడ పక్కన పడుకున్నవాడు వణుకుతాడు.

పూర్వం మన పల్లెల వాళ్ళు తిరుపతికి గూడుబండి కట్టుకుని వచ్చేవాళ్ళు. అదీ చక్రాల ఇల్లే. పైన వెదురుతడిక గూడు, కింద జానెడు ఎత్తున వరిగడ్డి, దానిమీద పాత బొంతలు. వేడి లెక్కలో చూస్తే ఆ బండి ఈ ఒంటిరేకు ట్రైలరుకంటే మేలైనది! గడ్డిపోచలోనూ, పోచల మధ్యలోనూ గాలి చిక్కుకుని ఉంటుంది. కదలని గాలికి మించిన చవకైన దుప్పటి లేదు. గొర్రెబొచ్చు కంబళి వెచ్చగా ఉండేది కూడా ఉన్నిపోగుల సందుల్లో చిక్కిన గాలి వల్లనే. కంబళి వేడిని పుట్టించదు. ఒంటి వేడిని పోనివ్వదు, అంతే. ఒక మందమైన దుప్పటికి బదులు రెండు పలుచని దుప్పట్లు కప్పుకుంటే ఇంకా వెచ్చగా ఉండటానికి కారణం మీరే చెప్పగలరు. రెండింటి మధ్య మరో గాలిపొర!

తాత ఆ పూటే ఒక పని చేశాడు. పడక పక్కనున్న గోడకు పాత అట్టలు, వాటిమీద ఒక బొంత వేలాడదీశాడు. పరుపు కింద గోనెసంచులు పరిచాడు. కూతలు లేవు, నిప్పు లేదు. వేడి పోయే రెండు దారులు మూసుకున్నాయి.

తల మీద ఎనభై డిగ్రీల చలి

ట్రైలరు చంద్రగిరి దాటి చిత్తూరు రోడ్డు పట్టింది. దారిలో గాదంకి అనే ఊరు వస్తుంది. అక్కడ జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల ఉంది. ఎమ్మెస్టీ రాడార్ అనే పెద్ద పరికరం అక్కడి ప్రత్యేకత. 130 మీటర్ల పొడవు, 130 మీటర్ల వెడల్పు ఉన్న మైదానంలో 1,024 యాంటెన్నాలు పంట చేనులా వరసగా నిలబడి ఉంటాయి. అవి ఆకాశంలోకి రేడియో తరంగాలు పంపి, తిరిగి వచ్చే బలహీనమైన ప్రతిధ్వనుల వల్ల పైన గాలులు ఎటు, ఎంత వేగంగా వీస్తున్నాయో కనిపెడతాయి. బెలూన్లకు పరికరాలు కట్టి వదిలి పైన ఉష్ణోగ్రతను కూడా శాస్త్రజ్ఞులు కొలుస్తారు.

ఆ కొలతలు ఏం చెబుతాయో తెలుసా? గాదంకిలో నిలబడి తల పైకెత్తండి. నిట్టనిలువుగా సుమారు 17 కిలోమీటర్ల ఎత్తులో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన దాదాపు 80 డిగ్రీలు! తిరుమల ఘాట్ రోడ్డు పొడవు ఎంతో ఇంచుమించు అంత దూరమే. దాన్ని నిలువుగా నిలబెడితే, రాయలసీమ ఎండలకు పైన అంత గడ్డకట్టే చలి ఉంది. ఆ ఎత్తు దాటాక ఓజోన్ పొర సూర్యకిరణాలను పీల్చుకోవడం వల్ల ఉష్ణోగ్రత మళ్ళీ పెరుగుతూ పోతుంది.

పైకి పోయేకొద్దీ సూర్యుడికి దగ్గరవుతాం కదా, వేడి పెరగాలి కదా అని మీకు సందేహం రావచ్చు. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఒక కొండ ఎక్కితే ఆ దూరంలో ఏమాత్రం తేడా రాదు. ఎండ ముందు నేలను వేడి చేస్తుంది. నేల గాలిని వేడి చేస్తుంది. వేడెక్కిన గాలి పైకి లేస్తుంది. పైన ఒత్తిడి తక్కువ కనుక వ్యాకోచిస్తుంది. వ్యాకోచించడానికి తన వేడినే ఖర్చు పెట్టుకుని చల్లబడుతుంది. సగటున ప్రతి కిలోమీటరు ఎత్తుకు ఆరున్నర డిగ్రీలు తగ్గుతాయి. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తు, హార్సిలీ హిల్స్ సుమారు 1,260 మీటర్లు. తేడా 1,100 మీటర్లు. అంటే అక్కడ ఏడు డిగ్రీలు తక్కువ ఉండాలి. తిరుపతిలో రాత్రి 19 డిగ్రీలు ఉంటే, కొండమీద 12 అన్నమాట.

పన్నెండు డిగ్రీలు ఏమంత చలి అని ఢిల్లీ వాళ్ళు నవ్వవచ్చు. కానీ శరీరం ఏ ఉష్ణోగ్రతకు అలవాటు పడిందన్నదీ, ఎంత వయసున్నదన్నదీ ముఖ్యం.

ఒంట్లోని పొయ్యి

చిత్తూరు దాటి మొగిలి ఘాటు ఎక్కుతుంటే చల్లగాలి కిటికీలోంచి కొట్టింది. తాత చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

మన శరీరం లోపలి ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీలు. బయట ఎండాకాలమైనా, చలికాలమైనా గుండె, మెదడు, కాలేయం ఉన్న చోట అంతే ఉండాలి. దీనికి కావలసిన వేడి తిన్న తిండి నుంచి వస్తుంది. ఊరికే కూర్చున్న మనిషి పాతకాలపు 80 వాట్ల బల్బు ఇచ్చినంత వేడిని నిరంతరం ఇస్తూ ఉంటాడు. మెదడు అడుగుభాగంలో హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. ఉష్ణోగ్రతను సరిచూసే కాపలాదారు అదే. వేడి పోతోందని తెలియగానే అది మూడు ఆజ్ఞలు ఇస్తుంది.

మొదటిది: చర్మం కింద ఉన్న సన్నని రక్తనాళాలను ముడుచుకోమంటుంది. వెచ్చని రక్తం పైకి రాకుండా లోపలే ఉండిపోతుంది. చలికి చేతులు, కాళ్ళు చల్లబడి పాలిపోయేది అందుకే. రెండవది: వెంట్రుకలను నిలబెట్టమంటుంది. పిల్లి, కుక్క, కోతులకు దీనివల్ల బొచ్చులో గాలిపొర మందమవుతుంది. మనకు బొచ్చు లేదు కనుక పెద్దగా ఉపయోగం లేదు. పాత అలవాటు మాత్రం మిగిలింది. మూడవది: వణకమంటుంది. వణుకు అంటే కండరాలు పని లేకుండానే పని చేయడం. దీనివల్ల వేడి ఉత్పత్తి రెండు నుంచి ఐదు రెట్లు పెరుగుతుంది.

కండరం పనిచేసేటప్పుడు ఖర్చయ్యే శక్తిలో సుమారు నాలుగో వంతే పనిగా మారుతుంది. మిగిలినదంతా వేడే. తిరుమలకు 1944లో మొదటి ఘాట్ రోడ్డు పడింది. అంతకుముందు యాత్రికులు నడిచి గానీ, డోలీలో గానీ కొండ ఎక్కేవారు. నడిచేవాడికి చలికాలంలోనూ చెమట పట్టేది. డోలీలో కూర్చున్నవాడు శాలువా కప్పుకునేవాడు. ట్రైలరులో గంటల తరబడి కదలకుండా కూర్చునే మన తాత, అవ్వలది డోలీవాడి పరిస్థితే. అందుకే తాత పలమనేరులో బండి ఆపించి, "దిగవే, నాలుగడుగులు నడుద్దాం" అన్నాడు. పది నిమిషాల నడక అవ్వకు ఒక కంబళి పాటి చేసింది.

పెద్దవాళ్ళకు చలి ఎందుకు ఎక్కువ ముప్పు?

వయసు మీద పడితే ఈ పొయ్యి మందగిస్తుంది. కండ కరుగుతుంది కనుక వేడి తక్కువ పుడుతుంది. చర్మం కింద కొవ్వుపొర పలచబడుతుంది కనుక వేడి త్వరగా పోతుంది. రక్తనాళాలు చప్పున ముడుచుకోవు. వణుకు ఆలస్యంగా, బలహీనంగా వస్తుంది. అన్నిటికంటే ప్రమాదకరమైన సంగతి ఇంకొకటి ఉంది. చలి వేస్తున్నదన్న స్పృహే మందగిస్తుంది! మీరు "చలి!" అని గెంతే చోట మీ తాత "ఏం లేదులే" అని కూర్చుంటాడు. అది ధైర్యం కాకపోవచ్చు. కాపలాదారు కునుకు తీస్తూ ఉండవచ్చు. మధుమేహం, థైరాయిడ్ గ్రంథి మందగించడం వంటి జబ్బులూ, కొన్ని నిద్రమందులూ దీనిని ఇంకా పెంచుతాయి.

చంటిపిల్లల సమస్య వేరు. పుంగనూరు దగ్గర రోడ్డు పక్కన తాతకు ఒక పొట్టి ఆవు కనిపించింది. ఈ ఊరి పేరుతోనే ప్రసిద్ధమైన పుంగనూరు జాతి అది. ప్రపంచంలోని అతి పొట్టి పశుజాతులలో ఒకటి. ఎత్తు మీటరుకు అటూఇటూ, చాలావాటికి అంతకంటే తక్కువే. ఒంగోలు ఆవు పక్కన నిలబెడితే దూడలా ఉంటుంది. ఇక్కడ ఒక లెక్క చూడండి. ఒక పెద్ద బెల్లం గడ్డను చిన్న ముక్కలు చేస్తే బెల్లం బరువు మారదు, కాని గాలికి తగిలే ఉపరితలం పెరుగుతుంది. అలాగే చిన్న శరీరానికి, దాని బరువుతో పోలిస్తే, చర్మం వైశాల్యం ఎక్కువ. వేడి పోయే దారి వెడల్పు అన్నమాట. ఎండ దేశంలో చిన్న శరీరానికి ఇది వరం. చలిలో మాత్రం చంటిబిడ్డకు ఇదే కష్టం. ఇంట్లో చలికి ముందుగా కాపాడవలసింది ఇద్దరిని: అందరికంటే చిన్నవాళ్ళను, అందరికంటే పెద్దవాళ్ళను.

తడిబట్ట దొంగ

మదనపల్లె చేరేసరికి సన్నని తుంపర మొదలైంది. బండి ఆపి కూరగాయలు కొనడానికి దిగిన అవ్వ చీర తడిసింది. "ఒంటిమీదే ఆరిపోతుందిలే" అంది. తాత ఒప్పుకోలేదు.

తాత మాటే సరైనది. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగుతుంది. అంతకంటే పెద్ద దొంగ బాష్పీభవనం. ఒంటి మీద ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి. చీర అర లీటరు నీరు పీల్చిందనుకోండి. అది ఆరడానికి 290 కిలోకేలరీలు కావాలి. 80 వాట్ల చొప్పున ఒళ్ళు తయారుచేసే వేడితో లెక్క కడితే, అది నాలుగు గంటల పైచిలుకు సంపాదన! అందులో కొంత గాలి నుంచి వచ్చినా, మిగతాది ఒంటిదే. పైగా గాలి వీస్తే చర్మాన్ని ఆనుకున్న వెచ్చని గాలిపొర క్షణక్షణం కొట్టుకుపోతుంది. అవ్వ పొడిచీర మార్చుకుంది. తాత తలపాగా చుట్టుకున్నాడు. ఒంటి వేడిలో సగం తల గుండానే పోతుందని కొందరు చెబుతారు. అది నిజం కాదు. తల గుండా పోయేది సుమారు పదో వంతే. కాని మిగతా ఒళ్ళంతా కప్పుకుని తల ఒక్కటీ వదిలేస్తే, ఆ పదో వంతు కూడా నష్టమే కదా!

మధ్యాహ్నం వేడివేడి రాగిసంగటి, చెనిగ్గింజల ఊరిమిండి. పొయ్యికి కట్టె దొరికింది! మిరియాల చారు తాగితే వెచ్చగా అనిపిస్తుంది గాని, మిరియాల ఘాటు చేసేది నోటిలో వేడిని పసిగట్టే నరాలను తట్టడమే. అసలు వేడి తిండి అరిగినప్పుడు వస్తుంది. సారాయి సంగతి ఇంకా అన్యాయం. అది చర్మపు రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. వెచ్చని రక్తం చర్మానికి వచ్చి, ఒళ్ళు వెచ్చబడినట్లు అనిపిస్తుంది. నిజానికి లోపలి వేడి బయటికి పారిపోతూ ఉంటుంది.

కొండమీద రాత్రి

హార్సిలీ హిల్స్ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. 19వ శతాబ్దంలో కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యు.డి. హార్సిలీ వేసవి ఎండకు తాళలేక ఇక్కడ విడిది ఇల్లు కట్టుకున్నాడు. ఆయన పేరే కొండకు స్థిరపడింది. ఆయన చల్లదనాన్ని వెతుక్కుంటూ వచ్చిన చోట, జనవరి రాత్రి మన ప్రయాణికులు వెచ్చదనాన్ని వెతుక్కోవాలి.

తాత ముందు బండి నిలిపే చోటు చూశాడు. గాలి లేని, మబ్బు లేని రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి, వాలు వెంట నీళ్ళలా జారి పల్లంలో నిలుస్తుంది. కాబట్టి గుంటలో నిలపకూడదు. కొండ అంచున నిలిపితే ఈదురుగాలి. రెండూ కాక, వాలు మధ్యన చెట్ల చాటు చూసి నిలిపాడు.

రాత్రి తొమ్మిది గంటలు. అవ్వ బయట కుంపటిలో బొగ్గులు రాజేసింది. అవి ఎర్రగా, పొగ లేకుండా కణకణలాడుతున్నాయి. "పొగ కూడా లేదు. లోపల పెట్టుకుని, తలుపు కిటికీలు బిగించి పడుకుందామా?" అంది.

ఇక్కడే ఆగండి. ఈ ఒక్క ప్రశ్న కోసమే ఇంత దూరం వచ్చాం.

బొగ్గు బాగా గాలి తగిలితే పూర్తిగా మండి కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది. గాలి చాలకపోతే సగం మండి కార్బన్ మోనాక్సైడ్ ఇస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, పొగ లేదు. మన రక్తంలో హీమోగ్లోబిన్ ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్‌ను మోసుకుపోయే కూలీ. ఆ కూలీ కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇక ఆక్సిజన్‌కు చోటు ఉండదు. ముందు తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్లు ఉండటం. నిద్రలో ఉన్నవాళ్ళకు ఇవేవీ తెలియవు. నిద్ర నుంచి లేవరు. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబాల మరణవార్తలు చలికాలంలో పత్రికల్లో వస్తూనే ఉంటాయి. ట్రైలరు గదికంటే చిన్నది. అందులో ప్రమాదం ఇంకా త్వరగా ముంచుకొస్తుంది. మూసిన బండిలో ఇంజను ఆన్‌లో ఉంచి పడుకోవడం, వెచ్చదనానికి గ్యాసు స్టవ్ వెలిగించి ఉంచడం కూడా ఇలాంటివే.

తాత అన్నాడు: "కుంపటి బయటే ఉండనీ. చేతులు కాచుకుని, ఆర్పేసి లోపలికి పోదాం. కిటికీ నాలుగువేళ్ళ సందు తెరిచే ఉంచుదాం."

"చలి రాదా?" అంది అవ్వ.

దీనికి జవాబు ఆ కొండకింద, మదనపల్లె దగ్గరే ఉంది. 1910ల దశాబ్దంలో అక్కడి ఆరోగ్యవరంలో క్షయరోగుల కోసం శానటోరియం ఏర్పడింది. దాని తొలి అధిపతి క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ అనే డెన్మార్క్ దేశపు వైద్యుడు. క్షయకు మందు లేని ఆ రోజుల్లో ప్రపంచమంతటా శానటోరియం చికిత్స అంటే విశ్రాంతి, మంచి తిండి, రాత్రింబవళ్ళు స్వచ్ఛమైన గాలి. మంచు దేశాలలో కూడా రోగులను దుప్పట్లలో చుట్టి, తెరిచిన వరండాలలో పడుకోబెట్టేవారు. ఒంటికి వెచ్చదనం దుప్పటి ఇచ్చేది, ఊపిరికి గాలి వరండా ఇచ్చేది. ఒకదానికోసం ఇంకొకటి వదులుకోనక్కరలేదు. మూయవలసింది గాలి వచ్చే దారి కాదు, వేడి పోయే దారి.

అవ్వ ఒక సీసాలో లీటరు వేడినీళ్ళు పోసి, బిరడా బిగించి, గుడ్డ చుట్టి పడకలో పెట్టింది. 60 డిగ్రీల నీళ్ళు 37 డిగ్రీలకు చల్లారేలోగా ఇచ్చే వేడి, ఆమె ఒళ్ళు 20 నిమిషాలు శ్రమపడి తయారుచేసే వేడికి సమానం. మధుమేహం వల్ల పాదాలు తిమ్మిరెక్కినవాళ్ళు మాత్రం దాన్ని చర్మానికి తగలనివ్వకూడదు. కాలినా వాళ్ళకు తెలియదు. కింద గోనెసంచులు, గోడకు బొంత, ఒంటికి పొడిబట్టలు, పైన రెండు దుప్పట్లు. కిటికీ సందులోంచి ఒక చుక్క కనపడుతూ ఉంది. తెల్లవారాక కప్పు మీద నీటిబొట్లు కూడా తక్కువే కనిపించాయి. ఎందుకో మీరే ఆలోచించండి.

మీరు గుర్తుంచుకోవలసింది

శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకంటే పడిపోతే ప్రమాదం మొదలైనట్లే. దానికి మంచుకొండలు ఎక్కనక్కరలేదు. తడి, గాలి, వయసు మూడూ కలిస్తే మన జిల్లాల్లో కూడా అది జరగవచ్చు. చలిలో ఉన్న పెద్దవాళ్ళు మాట ముద్దగా మాట్లాడినా, తడబడి నడిచినా, సంబంధం లేని మాటలు అన్నా, వేళకాని వేళ మగతగా ఉన్నా "ముసలితనం" అని ఊరుకోకండి. పొట్టమీద చెయ్యి పెట్టి చూడండి. అక్కడా చల్లగా ఉంటే వెంటనే పెద్దలకు చెప్పి వైద్యుడిని పిలిపించండి. ఈలోగా తడిబట్టలు మార్చి, పొడి దుప్పట్లు కప్పండి. స్పృహలో ఉంటే వెచ్చని తియ్యని పాలు ఇవ్వండి. కాళ్ళు చేతులు గట్టిగా రుద్దకండి, మరిగే నీళ్ళతో కాపడం పెట్టకండి. వణుకు ఆగిపోవడం ఎప్పుడూ మంచి గుర్తు అనుకోకండి. పొయ్యిలో కట్టె అయిపోయినప్పుడు కూడా వణుకు ఆగుతుంది.

తలనొప్పి, వికారం ఉన్నవాళ్ళ గదిలో కుంపటి కనిపిస్తే ముందు చేయవలసింది ఒక్కటే. తలుపులు బార్లా తెరిచి, అందరినీ బయటి గాలిలోకి తీసుకురావడం, ఆ వెంటనే ఆసుపత్రికి చేర్చడం.

చేసి చూడండి

ఒకే కొలత స్టీలు గ్లాసులు మూడు తీసుకోండి. మూడింటిలో స్నానానికి తోడుకునేంత వేడినీళ్ళు సమానంగా పోయండి. ఒకదాన్ని వట్టిగా ఉంచండి. రెండవదానికి తడిగుడ్డ, మూడవదానికి ఉన్నిగుడ్డ చుట్టండి. మూడింటినీ గాలి తగిలే కిటికీ దగ్గర పెట్టి, బడిలోని ప్రయోగశాల థర్మామీటరుతో ఐదు నిమిషాలకు ఒకసారి అరగంటపాటు ఉష్ణోగ్రత రాసుకోండి. జ్వరం చూసే థర్మామీటరు వాడకండి, పగిలిపోతుంది. గ్రాఫు కాగితం మీద మూడు గీతలు గీయండి. ఏ గీత నిట్టనిలువుగా దిగుతుందో, ఏది నెమ్మదిగా వాలుతుందో మీ తాతకూ, అవ్వకూ చూపించండి. ఆ రాత్రే వాళ్ళ పడక చుట్టూ ఒకసారి తిరిగి, వేడి ఏ దారిన పోతున్నదో వెతకండి. నేల తగులుతున్నదా, గోడ తగులుతున్నదా, పాదాలు బయట ఉన్నాయా చూడండి. పక్కనే కుంపటి ఉంటే, దాన్ని మీ చేత్తో ముట్టుకోకుండా పెద్దవాళ్ళ చేత బయట పెట్టించండి.